బుడా కొండల కింద

బుడాపెస్ట్ వెళ్లినవాళ్లు నది, వంతెనలు చూస్తారు. నాకు మాత్రం అక్కడి పాల్‌వోల్గీ గుహే గుర్తుండిపోయింది. పైన బుడా కొండల మీద ఇళ్లు, రోడ్లు. కింద సున్నపురాతిలో 30 కిలోమీటర్లకు పైగా చీకటి దారులు! వాన నీళ్లు పైనుంచి దిగి తొలిచిన గుహ కాదట. భూమి అడుగునుంచి ఎగదన్నిన వేడి నీళ్లు రాతి పగుళ్లను కొంచెం కొంచెంగా తినేశాయి. ఆ ఊరి స్నానశాలలకు పేరు తెచ్చినవీ అలాంటి వేడి నీళ్లే. లోపల మాత్రం ఏడాది పొడవునా చలి. నల్లగొండ ఎండలు తిన్న ఒళ్లు కదా, పళ్లు టకటకలాడాయి.

ఒకచోట టార్చి వెలుగులో, రాతిలో ఇరుక్కున్న గవ్వ అచ్చు కనిపించింది. గోరంత ఉంది, గీతలన్నీ చెక్కుచెదరలేదు. ఒకప్పుడు అక్కడ సముద్రం! తాకాలని చెయ్యి లాగింది కానీ తాకనివ్వరు.

ఈ గుహ 1904లో రాళ్ల క్వారీలో బయటపడింది. మన వాడపల్లి వైపు సున్నపురాయి అంటే సిమెంటు ఫ్యాక్టరీలు, లారీలు, వేపాకుల మీద దుమ్ము. మిర్యాలగూడలో మేనత్తకు ఫొటోలు చూపిస్తే, “అంత ఖర్చు పెట్టుకుని సున్నపురాయి చూసొచ్చావా నాయనా!” అని ఒకటే నవ్వు. తర్వాత గవ్వ ఫొటో దగ్గర ఆగి, కళ్లజోడు అడిగింది.