పోడు పట్టా కోసం మూడేళ్ళు: నా అనుభవం

మాది విజయనగరం జిల్లా శృంగవరపుకోట మండలంలో కొండ మీది గూడెం. పుణ్యగిరి వైపు నుంచి ఎక్కితే రెండున్నర గంటల నడక. వెనకాల అనంతగిరి కొండలు. రాత్రి గాలి ఇటు తిరిగితే కిరండూల్ రైలు లైన్లో ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తుంది. ఆ లైను సంగతి తర్వాత చెప్తాను. మా భూమికి సాక్ష్యం దొరికింది అక్కడే.

మేము కొండదొరలం. మాకున్నది మూడెకరాల పది సెంట్ల వాలు. పై భాగంలో చోళ్ళు (రాగులు), సామలు, కందులు. కింద నాన్న నాటిన జీడితోట. తాత కొట్టిన పోడు అది. మూడు తరాలు తిన్నాం కానీ పట్టా లేదు. జీడికి గోతులు తీస్తుంటే అడవి శాఖ మనిషి వచ్చి ఆపమన్నా మా దగ్గర చూపించడానికి ఏమీ ఉండేది కాదు. రైతు భరోసా పడేది కాదు, బ్యాంకు లోను వచ్చేది కాదు.

నిజానికి ఇలాంటి భూమికి పట్టా ఇచ్చే అటవీ హక్కుల చట్టం 2006లోనే వచ్చింది. రూల్స్ 2008 జనవరిలో వచ్చాయి. ఆ ఏడాదే నాన్న ఫారం నింపి ఇచ్చాడట. రశీదు అడగలేదు. ఆ కాగితం ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు. 2015లో నాన్న పోయాడు.

2019 ఫిబ్రవరిలో నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. ఎవరి అర్జీలు తిరస్కరించారో వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు 13న ఆదేశం ఇచ్చింది. నెలాఖరున 28న ఆ ఆదేశాన్ని నిలిపేసింది కానీ, ఆ రెండు వారాలు అమ్మ అన్నం సరిగ్గా తినలేదు. నాన్న అర్జీ తిరస్కరించారో, అసలు నమోదే కాలేదో మాకు తెలీదు. ఆ టెన్షన్‌లోనే చట్టం, రూల్స్ తెలుగులో సంపాదించి కూర్చుని చదివాను.

చదివాక మొదట ధైర్యం వచ్చిన మాట ఒకటుంది. మా కొండ షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే ప్రభుత్వం గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట, లేదు కాబట్టి మాకు హక్కు రాదని కింద చాలామంది అనేవాళ్ళు. అది తప్పు. అడవిలో ఉండి అడవి మీద బతికే గిరిజనులు ఎక్కడున్నా చట్టం వర్తిస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమి, 4 హెక్టార్లకు మించకుండా, అడగొచ్చు. వ్యక్తిగత హక్కుకి ఫారం-ఏ. దానికి రుసుము లేదు.

ఈ అర్జీల కోసం వేసవిలో పెట్టిన గ్రామసభ జరగలేదు. పెద్దవాళ్ళలో సగం మందైనా రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. జీడిపిక్కలు ఏరే రోజులవి, ఎవరొస్తారు? వానలయ్యాక మళ్ళీ పెట్టించాం. అమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను పిలిచాం. ఫారం గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీకి ఇచ్చి, సంతకం పెట్టిన రశీదు తీసుకున్నాను. ఈసారి ఆ కాగితం అందకుండా ఇంటికి రాకూడదని అనుకునే వెళ్ళాను.

సాక్ష్యాల దగ్గర చాలా ఆలోచించాల్సి వచ్చింది. కనీసం రెండు రకాలు చూపించాలి. కాగితాలే ఉండాలని లేదు. సమాధులు, పూజ చేసే చోట్లు, చదును చేసిన నేల, రాళ్ళ గట్లు, పాత గుడిసె ఆనవాళ్ళు ఇవన్నీ చెల్లుతాయి. పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే అదీ సాక్ష్యమే. అయితే అర్జీ పెట్టిన వాళ్ళు కాకుండా వేరేవాళ్ళు చెప్పాలి. అందుకని మా పక్కింటి తాత దగ్గరికి వెళ్ళాను. ఎనభై దాటి ఉంటాయి, సంవత్సరాలు లెక్క తెలీవు.

"మా పోడు ఎప్పుడు కొట్టారు తాతా?" అని అడిగితే చాలాసేపు కొండకేసి చూశాడు.

"లైను కోసం కొండలు పేల్సినప్పుడు. సొరంగాలు తవ్వేరు కదా పాపా, నేనూ మీ తాతా కూలికెల్లీవోళ్ళం. ఆ కూలి డబ్బుల్తోనే మీ తాత గొడ్డలి కొన్నాడు. ఆ గొడ్డలితోనే కొట్టాడు."

బైలదిల్లా ఖనిజం విశాఖ ఓడరేవుకి తేవడానికి ఆ లైను వేసింది 1960ల్లో. అంటే చట్టం పెట్టిన 2005 కటాఫ్ తేదీకి నలభై ఏళ్ళు ముందు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, సభలో అందరి ముందు వేలిముద్ర వేయించాను. నాన్న కూడా ఈ గొడ్డలి కథ ఎన్నడూ చెప్పలేదు నాకు.

చలికాలంలో జీపీఎస్ సర్వేకి వచ్చారు. వాలు నిటారుగా ఉందని కింది నుంచే కొలిచేద్దామన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. కత్తి పట్టుకుని ముందు నడిచి ముళ్ళకంప నరుక్కుంటూ నాలుగు మూలలకీ తీసుకెళ్ళింది. పై మూల పనసచెట్టు, పక్కన రాళ్ళ గట్టు, కొర్ర కొత్త పండగకి మొదటి వెన్ను పెట్టే రాయి, అటు గెడ్డ (వాగు). ఒక్కొక్క దాని దగ్గర ఆగి ఫోటో తీయించాను. సర్వే చేయించుకునేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదే: మూలల్లో మీరే నిలబడండి. మిషను మీరు నిలబడిన చోటే లెక్క కడుతుంది.

అయినా అర్జీ వెనక్కి వచ్చింది. శాటిలైట్ ఫోటోలో చెట్లే కనిపిస్తున్నాయి, సాగు లేదని ఒక ఆఫీసులో అన్నారు. ఆ చెట్లు మా జీడి. పైనుంచి చూస్తే జీడితోటకీ అడవికీ తేడా ఏం తెలుస్తుంది? నోటి మాటగా చెప్పి పంపేస్తుంటే, కారణం రాసి ఇమ్మని అడిగాను. రాసి ఇవ్వాలని రూల్సులోనే ఉంది. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం శాటిలైట్ ఫోటో మిగతా సాక్ష్యాలకు తోడుగానే పనికొస్తుంది, వాటి స్థానంలో చెల్లదు. ఆ వాక్యం ఎత్తి రాసి, పక్కింటి తాత వాంగ్మూలం, ఫోటోలు జతచేసి 60 రోజుల గడువులోపు జిల్లా స్థాయి కమిటీకి అర్జీ పెట్టాను. దానికీ రశీదు తీసుకున్నాను.

తర్వాత కరోనా వచ్చింది. ఏడాదికి పైగా కాగితం కదల్లేదు. ఆ మధ్యలో పక్కింటి తాత పోయాడు. జ్వరం ముదిరితే డోలీలో కిందికి దించుతుండగా దారిలోనే పోయాడు. ఆయన మాట రాసి పెట్టకపోయుంటే మాకు సాక్ష్యం ఉండేది కాదు. అంతకన్నా, ఈ కొండకి రోడ్డు ఉండుంటే ఆయనే ఉండేవాడు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

మళ్ళీ సర్వే జరిగింది, మమ్మల్ని పిలిచి విన్నారు. మూడో ఏడు పట్టా చేతికొచ్చింది. రెండెకరాల యాభై ఐదు సెంట్లు. గెడ్డ పక్క ముక్క తీసేశారు. పనసచెట్టు, పండగ రాయి లోపలే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉంటే పట్టా ఇద్దరి పేరనా ఇస్తారు. నాన్న లేడు కాబట్టి అమ్మ ఒక్క పేరే ఉంది. ఈ భూమి అమ్మకూడదు, పిల్లలకి వస్తుంది.

అమ్మకి చదువు రాదు. సరిహద్దులన్నీ చదివించుకుంది. ఉత్తరాన రాళ్ళ గట్టు అని చదవగానే, "అది మీ నాన్న పేర్చిందే" అంది.

గూడెంలో ఇంకా పదకొండు ఇళ్ళకి పట్టాలు రావాలి. వాళ్ళ ఫారాలు ఇప్పుడు నేనే రాస్తున్నాను. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళ మీద ఊరందరి హక్కు కోసం ఫారం-బి కూడా మొదలుపెట్టాం. రశీదులన్నీ అమ్మ ట్రంకుపెట్టెలో ఉన్నాయి.