పుస్తకం మూశాక ఎంత గుర్తుంది?

శనివారం, రాత్రి పది దాటింది.

ఎల్లుండి నుంచి మావాడికి పరీక్షలు. సాయంత్రం ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పేజీ నిండా పసుపు హైలైటర్. గీత పడని వాక్యం ఎక్కడుందో వెతుక్కోవాలి.

"అయిపోయిందమ్మా, మూడుసార్లు చదివేశా."

"సరే, పుస్తకం మూసెయ్. కుంభాకార కటకం ముందు వస్తువు ఎఫ్‌కీ టూఎఫ్‌కీ మధ్య ఉంటే ప్రతిబింబం ఎక్కడ పడుతుందో గీసి చూపించు."

ఎఫ్ అంటే కటకం నాభి, టూఎఫ్ అంటే దానికి రెట్టింపు దూరంలో ఉండే బిందువు. మొదటి కిరణం బాగానే వచ్చింది. రెండోదాని దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. చివరికి ప్రతిబింబాన్ని నిటారుగా నిలబెట్టాడు. అది టూఎఫ్ అవతల, పెద్దదిగా, తలకిందులుగా రావాలి. కిరణాలకి బాణం గుర్తులు కూడా లేవు.

"ఇందాకే చూశాను కదా!" అంటూ పుస్తకాన్ని విసురుగా నెట్టేశాడు.

చూశాడు, నిజమే. చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, అదే చిక్కు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకే పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి, ఆపైన చూడకుండా గుర్తున్నంతా రాస్తూ పోయారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే లెక్క తారుమారైంది. నాకైతే ఆ అయిదు నిమిషాల సంగతే ముఖ్యం అనిపిస్తుంది. పిల్లలు బోల్తా పడేది అక్కడే కదా.

కాసేపు బయట తిరిగి రమ్మన్నాను. వచ్చాక తెల్లకాగితం ఇచ్చాను. పాఠంలో గుర్తున్నదంతా నల్ల పెన్నుతో రాయాలి, తర్వాత పుస్తకం తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. మొదటి కాగితంలో ముప్పావు వంతు ఎరుపే. మొహం వేలాడేశాడు. రెండోసారికి ఎరుపు బాగా తగ్గింది, కిరణాలకి బాణాలు కూడా వచ్చాయి. మూడో కాగితం తనే అడిగి తీసుకున్నాడు. నేను పైకి ఏమీ అనలేదు, అంటే మానేస్తాడు.

భోజనాల దగ్గర కడుపులో తిప్పుతోందన్నాడు. "ధైర్యంగా ఉండరా" అన్నారు వాళ్ల నాన్న. ఆ మాటతో ఎవరికైనా ధైర్యం వచ్చిందా అని నాకెప్పుడూ అనుమానమే. ఏమవుతుందని భయం అని అడిగాను. "పేపర్ చూడగానే అన్నీ మర్చిపోతే?" అన్నాడు. అలా అయితే ఏం చెయ్యాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. ముందు పేపరంతా చదవడం, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టడం. ఎక్కడైనా ఆగిపోతే పెన్ను కింద పెట్టి నెమ్మదిగా ఊపిరి వదలడం, ఆ జవాబుకి చోటు వదిలేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవడం. బయటికొచ్చాక స్నేహితులతో జవాబులు సరిచూసుకోకూడదన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఇక నిద్ర గొడవ. ఒంటిగంట దాకా చదివి అయిదింటికి లేస్తాడట. టీనేజ్ పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి, చదివింది బుర్రలో కుదురుకునేదీ ఆ నిద్రలోనే. పైగా ఈ ఈడులో నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. తొందరగా నిద్ర పట్టకపోవడం, తెల్లారి లేవలేకపోవడం బద్ధకం కాదని వాళ్ల నాన్నకి కూడా చెప్పాను. పదిన్నరకి పడక, ఆరున్నరకి లేపడం అని రాజీ కుదిరింది. ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టడం మీద మాత్రం బేరం ఇంకా తెగలేదు.