విల్లుకు కొమ్ము పట్టీలు: ముర్రా కొమ్ము ఎందుకు పనికిరాదు

శార్ఙ్గపాణి అనే పేరులోనే కొమ్ము ఉంది. శృంగం అంటే కొమ్ము, దానితో చేసిన విల్లు శార్ఙ్గం. కౌటిల్యుడు కూడా విల్లులు వేటితో చేస్తారో చెబుతూ తాటి, వెదురు, కట్టెలతో పాటు కొమ్మునూ లెక్కపెట్టాడు. అలాగని ఉత్త కొమ్ముతో విల్లు తయారుకాదు. నడుమ పలచని కట్టె, విలుకాడి వైపు కొమ్ము, అవతలి వైపు బంకలో తడిపి పరిచిన పశువు నరాలు (కండను ఎముకకు కలిపే నార) ఉంటాయి. తాడు లాగితే నరాల వైపు సాగుతుంది, కొమ్ము వైపు నలుగుతుంది. కట్టె తన పొడవులో ఒక శాతం నలిగేసరికే లోపల మడతపడి చెడిపోతుంది. కొమ్ము దాదాపు నాలుగు శాతం దాకా ఓర్చుకుని మళ్లీ తన పొడవుకు వస్తుంది. అందుకే ఒక్కో చెయ్యి, అంటే పిడికి అటూ ఇటూ వంగే భాగం, మూరెడే ఉన్న పొట్టి విల్లును కూడా అంత లోతుగా వంచగలుగుతాం.

సగం పని కొమ్ము కొనేటప్పుడే తేలిపోతుంది. ఇప్పుడు మన దగ్గర పాలకు పెంచే వాటిలో చాలా వరకు ముర్రా బర్రెలు, లేదంటే ముర్రా కలిసినవి. వాటి కొమ్ము జిలేబీలా చుట్ట తిరిగి ఉంటుంది. ఎంత ఉడకబెట్టినా అందులోంచి తిన్నని పట్టీ రాదు. నాగపురి జాతి కొమ్ము వేరు. పొడుగ్గా, బల్లపరుపుగా, కత్తిలాగా వెనక్కి వాలి మెడకు రెండు పక్కలా భుజాల దాకా పోతుంది. ఆ జాతి విదర్భది కాబట్టి మనవాళ్లు వెతకాల్సింది ఆసిఫాబాద్, ఆదిలాబాద్ సరిహద్దు వైపే. షోలాపూర్ దిక్కు పండర్‌పురి కొమ్ము ఇంకా పొడుగు, కానీ అక్కడిదాకా పోయి తేవాలి.

ముసలి పశువు కొమ్ము పెద్దగా ఉంది కదా అని ఆశపడొద్దు. లేత పశువు కొమ్ము తిన్నగా నిగనిగలాడుతుందని, ముసలిదాని కొమ్ము మెలిపడి గరుకుగా ఉంటుందని, బక్కదాని కొమ్ముకు మెరుపే ఉండదని ప్రాచీన చైనా శిల్ప గ్రంథం ఒకటి చెబుతుంది. ఆ లెక్క ఇప్పటికీ తప్పలేదు.

కొలత సంగతి. 115 సెంటీమీటర్ల విల్లుకు ఒక్కో చేతికి 40 సెంటీమీటర్ల పట్టీ కావాలి. కొమ్ము మొదలు దగ్గర గోడ పలచగా, అడ్డం గాళ్లతో ఉంటుంది. అక్కడ 8 నుంచి 10 సెంటీమీటర్లు పోతుంది. కొస గట్టిగా, సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడా అంతే పోతుంది. కనుక 60 సెంటీమీటర్లకు తక్కువ ఉన్న కొమ్ము తేవడం దండగ. రెండు కొమ్ములూ ఒకే పశువువి కావాలి. వేర్వేరు పశువులవి అతికిస్తే ఒక చెయ్యి మెత్తగా, ఒక చెయ్యి బిర్రుగా వంగుతుంది, ఆ తేడాను తర్వాత గీకి సరిచేయడం కష్టం.

దుప్పి కొమ్ము పేరుకే కొమ్ము, అది ఎముక. ఈ పనికి రాదు. దుప్పిదైనా అడవి దున్నదైనా ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసు. ఉన్నట్టుండి చచ్చిన పశువు కొమ్మునూ ముట్టుకోవద్దు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) బీజాలు ఏళ్ల తరబడి బతుకుతాయి, ఉడకబెట్టినంత మాత్రాన చస్తాయన్న నమ్మకం లేదు. కబేళాలో డాక్టరు చూసిన పశువుదే తీసుకోవాలి.

లోపలి ఎముక ఊడదీయడానికి వానకాలం మంచిది. డ్రమ్ములో నీళ్లు పోసి మూత పెడితే రెండు మూడు వారాల్లో ఎముకకూ కొమ్ముకూ మధ్య పొర కుళ్లి, నేలకు కొడితే ఎముక జారి వస్తుంది. వాసన గురించి పక్కింటివాళ్లకు ముందే చెప్పడం మంచిది. తొందరైతే అరగంట ఉడకబెట్టి కొట్టినా వస్తుంది. సున్నపు నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు. తోళ్ల మీది వెంట్రుకలు ఊడేది సున్నంతోనే. వెంట్రుక, కొమ్ము ఒకే జాతి పదార్థం, సున్నం రెండింటినీ తింటుంది.

ఎక్కువ మంది తప్పు చేసేది కోతలో. కొమ్ముకు వెడల్పాటి పక్క కనబడగానే పట్టీ అక్కడి నుంచి తీయబుద్ధవుతుంది. అలా తీస్తే పట్టీ కొడవలిలాగా అంచు వైపు వంపు తిరిగి వస్తుంది, ఆ వంపు ఏ బిగింపుకూ పోదు. కొమ్ము వంపుకు బయటి వైపు, వీపు మీద నుంచి తీయాలి. అప్పుడు వంపు పట్టీ మందం వైపు ఉంటుంది, వేడి చేసి నొక్కితే తిన్నగవుతుంది. సుద్దతో వీపు మీద నడిగీత గీసి, అటు 2, ఇటు 2 సెంటీమీటర్లు వదిలి హాక్సాతో కోయాలి. గ్రైండర్ పెడితే అంచు కాలుతుంది. వెంట్రుక కాలిన వాసన వచ్చిందంటే ఆ చోట కొమ్ము పెళుసైందని లెక్క. ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కోసిన వెంటనే పగుళ్లు చూసుకోవాలి. నల్ల కొమ్ములో పగులు కంటికి కనబడదు. తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే, పైభాగం ఆరినా పగులున్న చోట సన్నని తడి గీత నిలుస్తుంది. పొడుగు గీత అంచు దగ్గరుంటే చెక్కేయవచ్చు. అడ్డగీత కనబడితే పట్టీ పక్కన పడేయడమే. బంక పోసి పూడ్చినా నలిగేటప్పుడు అక్కడే పొర లేస్తుంది.

తర్వాత ఆకురాయితో పైనున్న గాళ్లను వాటి అడుగు మట్టం దాకా తీసి, పట్టీని 9, 10 మిల్లీమీటర్ల మందానికి తేవాలి. మరుగుతున్న నీళ్లలో 30 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. నిప్పు మీద నేరుగా పెట్టొద్దు, పైపొర కాలి లోపల చల్లగానే ఉంటుంది. బయటికి తీశాక చేతిలో ఉన్న సమయం నిమిషం, ఒకటిన్నర నిమిషం. అందుకే రెండు ఇనుప పట్టాలు, ఐదు క్లాంపులు ముందే పరిచి పెట్టుకోవాలి. ఒక్కసారిగా బిగిస్తే అంచు నుంచి చీలుతుంది. మొదటిసారి సగం బిగించి, చల్లారాక విప్పి, మళ్లీ ఉడకబెట్టి ఇంకొంచెం బిగించాలి. మూడు విడతల్లో తిన్నగవుతుంది. చివరిసారి ఒక రోజంతా క్లాంపుల్లోనే వదలాలి. వేడిగా ఉండగా విప్పితే పాత వంపు గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతుంది.

ఇక ఆరబెట్టడం. ఓపిక కావాల్సింది ఇక్కడే. ఉడికిన కొమ్ము నీళ్లు తాగి ఉంటుంది. నీడలో, చెక్కపొట్టు నింపిన గోనెసంచిలో పెట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వాలి. రెండు కొసలకూ ముందే బంక పూయాలి, లేకుంటే కొసలు ముందు ఆరి చీలుతాయి. మైనం పూయడం చూశాం గానీ జిడ్డు లోపలికి పోతే తర్వాత బంక పట్టదు. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోవాలి. వరుసగా రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. మన దగ్గర మే నెల వడగాలిలో ఆరుబయట పెడితే వారంలోనే ఆరుతుంది, వారంలోనే చీలుతుంది కూడా. అదే శ్రావణంలో ఆరనే ఆరదు, బూజు పడుతుంది. అందుకని ఎముక తీయడం, కోత, ఉడకబెట్టడం వానల్లో కానిచ్చి, దసరా దాటాక ఆరబెట్టి, సంక్రాంతి అటూ ఇటూ బంక పెట్టుకుంటే కాలం కలిసొస్తుంది.

ఆరిన పట్టీని రందాతో పిడి వైపు 6, కొస వైపు 4 మిల్లీమీటర్లకు దించాలి. ప్రతి 5 సెంటీమీటర్లకు వెర్నియర్ పెట్టి జోడీతో పోల్చాలి. మందం సమానమైనా బిర్రు సమానం కాకపోవచ్చు. రెండు కొసలు ఆనించి నడుమ కిలో రాయి వేలాడదీస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. తక్కువ కుంగిన దాన్ని కొంచెం గీకి రెండోదానికి దగ్గర చేయాలి.

కొమ్ము లోపలి ముఖం కట్టెకు అతుక్కుంటుంది. నున్నగా ఉంటే బంక పొరగా లేచిపోతుంది కాబట్టి దాని మీద పొడుగునా గాళ్లు గీయాలి. ఇనుప రేకుకు ఆకురాయితో పళ్లు కోసి పనిముట్టు చేసుకోవచ్చు. గాడికీ గాడికీ మధ్య మిల్లీమీటరున్నర, లోతు మిల్లీమీటరు లోపు. కట్టె మీదా అదే పనిముట్టుతో, అదే స్కేలు ఆనించి గీయాలి. రెండు వైపుల పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చోకపోతే మధ్యలో గాలి మిగిలి, లాగినప్పుడు టిక్ అంటుంది. కట్టె విషయానికొస్తే మంచిర్యాల టేకు ఎంత మంచిదైనా ఇక్కడ వద్దు, దాని నూనె బంకను పట్టనివ్వదు. కొరియావాళ్లు నడుమ బొంగు, చెవులకు, అంటే తాడు తగిలించే వంగని కొసలకు, మల్బరీ వాడతారు. రెండూ మనకు దొరికేవే.

గాళ్లు గీశాక లీటరు వేడినీళ్లలో చెంచా వాషింగ్ సోడా కలిపి బ్రష్‌తో ఒక్క నిమిషం రుద్ది, కడిగి, మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. చివర ఎసిటోన్‌తో తుడిచాక వేలు తగలకూడదు. తోలు బంక, పాత వడ్రంగులు సరేసు అనేది, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించాలి. 70 దాటితే బలం పోతుంది. మొదట నీళ్లలాంటి పలచని పూత, ఆరాక ఇంకోటి, అలా నాలుగు. మొదటి పూతను కొమ్ము పీల్చినట్టే కనబడదు, పైనే నిలుస్తుంది. అందుకే దాన్ని గాళ్లలోకి బ్రష్‌తో దిగేలా రుద్దాలి. చలికాలం పొద్దున చల్లని కొమ్ము మీద బంక పోస్తే తాకగానే గడ్డకడుతుంది, ముందు పట్టీని ఎండలో గోరువెచ్చగా చేసుకోవాలి.

పూత పూసిన పట్టీలను జోడీలుగా కట్టి, ఏ వైపు పిడో రాసి, రేకు పెట్టెలో నాఫ్తలీన్ ఉండలతో పెట్టాలి. తోలు తినే పురుగు కొమ్మునూ తింటుంది. చెక్క పెట్టెలో పెడితే బంక వాసనకు ఎలుకలు వస్తాయి, అవి ముందు కొరికేది గాళ్లు గీసిన ముఖాన్నే.