పార్సర్ పట్టుకోలేని తప్పులు: స్ఫటిక నిర్మాణాల డేటాబేస్ గురించి

వజ్రం యూనిట్ సెల్ (స్ఫటికంలో పదే పదే పునరావృతమయ్యే పెట్టె) అంచు 3.567 ఆంగ్‌స్ట్రామ్‌లు, లోపల 8 కార్బన్ పరమాణువులు. 8ని కార్బన్ పరమాణు భారం 12.011తో, ప్రమాణాలు మార్చే 1.6605తో గుణించి, ఘనపరిమాణం 45.38తో భాగిస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 3.52 గ్రాములు. ఈ నిర్మాణాన్ని నమోదు చేసిన ఫైలును అజాగ్రత్తగా చదివితే 7.03 వస్తుంది.

ఎందుకంటే వజ్రం సౌష్ఠవాన్ని వర్ణించే 227వ స్పేస్ గ్రూప్‌లో మూలబిందువును రెండు చోట్ల పెట్టే పద్ధతులున్నాయి. రెండో పద్ధతిలో కార్బన్ స్థానం (1/8, 1/8, 1/8). ఆ అంకెలకు మొదటి పద్ధతి సిమెట్రీ ఆపరేషన్లు (ఒక పరమాణువు స్థానం నుంచి మిగతావాటిని పుట్టించే నియమాలు) వాడితే 8 బదులు 16 పరమాణువులు పుడతాయి. పక్క పరమాణువుల దూరం కూడా 1.545 నుంచి 1.26 ఆంగ్‌స్ట్రామ్‌లకు పడిపోతుంది. ఫైల్లో అక్షరదోషం ఒక్కటీ ఉండదు కాబట్టి పార్సర్, అంటే ఫైలు రాత నియమాలను సరిచూస్తూ చదివే ప్రోగ్రామ్, కిమ్మనదు. అందుకే స్పేస్ గ్రూప్ పేరొక్కటే నమ్మొద్దు, ఆపరేషన్ల జాబితానే ప్రమాణంగా తీసుకోవాలి. అది లేని పాత ఫైలైతే రెండు పద్ధతుల్లోనూ సెల్ నింపి చూసి, ప్రకటించిన ఫార్ములాకీ సాంద్రతకీ సరిపోయేదాన్ని ఉంచాలి.

మూయని కొటేషన్, వరుస మొదట్లో పడని సెమికోలన్ లాంటివి పార్సరే పట్టేస్తుంది. వాటి గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు.

2003లో మొదలైన క్రిస్టలోగ్రఫీ ఓపెన్ డేటాబేస్‌లో ప్రతి నిర్మాణానికీ ఏడంకెల నంబరు, ఒక సిఫ్ ఫైలు (స్ఫటిక వివరాలు రాసే ప్రామాణిక టెక్స్ట్ ఫైలు) ఉంటాయి. ఫైళ్లు మార్పుల చరిత్రను దాచే సబ్‌వెర్షన్‌లో, వెతుకులాటకు పట్టికలు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది: పట్టిక పాడైతే ఫైళ్ల నుంచి మళ్లీ కట్టుకోవచ్చు, ప్రతి దిద్దుబాటుకూ చరిత్ర మిగులుతుంది.

పట్టికలోకి అంకెలు ఎక్కించేటప్పుడు 5.6402(3)ను దశాంశ సంఖ్యగా మార్చేస్తే బ్రాకెట్‌లోని అనిశ్చితి, అంటే 0.0003, పోతుంది. విలువకో గడి, అనిశ్చితికో గడి పెట్టి, మూల అక్షరాలను అలాగే ఉంచండి. సిఫ్‌లో విలువ బదులు కనిపించే ప్రశ్నార్థకాన్నీ చుక్కనూ కలిపేయొద్దు. మొదటిది విలువ తెలియదని, రెండోది ఆ అంశం ఇక్కడ వర్తించదని.

నకళ్లు వెతకడానికి సెల్ అంచులను నేరుగా పోల్చకూడదు. 14వ స్పేస్ గ్రూప్‌లోని ఒకే స్ఫటికాన్ని ఇద్దరు వేర్వేరు అక్షాలతో వర్ణించవచ్చు. ముందు నిగ్లీ సెల్‌కు (అక్షాలు ఎలా ఎంచుకున్నా ఒకేలా వచ్చే ప్రామాణిక సెల్‌కు) కుదించి, తర్వాత ఫార్ములా, ఉష్ణోగ్రత, పీడనం చూడాలి. 100 కెల్విన్ దగ్గర కొలిచినదీ 293 దగ్గర కొలిచినదీ నకళ్లు కావు, రెండూ ఉండాల్సిందే. నిజంగా నకలే అని తేలినా నంబరు తీసేయొద్దు. ఎవరో ఒకరి పత్రంలో అది ఉదహరించి ఉండొచ్చు. నకలని గుర్తు పెట్టి, అసలు నంబరుకు దారి చూపించండి.