గోంగూర మాంసం పక్కన ఏ వైన్? నా ఓటు రీస్లింగ్‌కే

మన వాళ్ల ఇళ్లలో పార్టీ ఉందంటే వైన్ తెచ్చేవాడు నూటికి తొంభై పాళ్లు ఎర్ర వైనే పట్టుకొస్తాడు. అందులోనూ కాబెర్నే సావిన్యోన్, 14 శాతం ఆల్కహాల్, బరువైన సీసా. చూడ్డానికి మర్యాదగా ఉంటుంది. దాన్ని నాటుకోడి పులుసు పక్కన పెట్టుకుని రెండు గుక్కలు తాగి, "ఇందులో ఏముందిరా, వగరూ మంటా తప్ప" అని మళ్లీ విస్కీ దగ్గరికి వెళ్లిపోతారు. నాకైతే వాళ్ల మీద జాలే. మిరపకాయలోని కాప్సైసిన్ నోట్లో ఏ నరాల్ని రెచ్చగొడుతుందో ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది, పైగా ఎర్ర ద్రాక్ష తొక్కల నుంచి దిగిన వగరు ఆ మండుతున్న నాలుక మీద ఇంకా గరుగ్గా తగులుతుంది. అంత డబ్బు పోసి కొన్న సీసా మన కూరని పాడు చేసి, తనూ పాడైపోతుంది.

మన వంటకి కావల్సింది ఆల్కహాల్ తక్కువ, వగరు లేనిది, కాస్త తీపి, బోలెడంత పులుపు ఉన్న వైన్. ఈ నాలుగూ ఒకేచోట దొరికే ద్రాక్ష రీస్లింగ్, జర్మనీ వాళ్ల తెల్ల ద్రాక్ష. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఉంటున్నాను కాబట్టి ఈ మాట అంటున్నానని అనుకోకండి. ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ దీన్ని తియ్యటి పానకం అనే అనుకునేవాణ్ణి, చాలామంది జర్మన్లే ఇప్పటికీ అలా అనుకుంటారు. ఈ ద్రాక్ష పేరు మొదటిసారి రాతలో కనపడింది 1435లో, ఇప్పుడు ఓపెల్ కార్ల ఫ్యాక్టరీ ఊరుగా మనవాళ్లకి తెలిసిన రూసెల్స్‌హైమ్‌లో, ఓ జమీందారు గారి ఖర్చుల లెక్కల్లో. ఆ ఊళ్లో ఉద్యోగం చేసే తెలుగు ఇంజినీర్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో నాకు అనుమానమే.

రీస్లింగ్‌ని కొత్త ఓక్ పీపాల్లో పెట్టి వెనిల్లా వాసన పట్టించడం చాలా అరుదు. స్టీలు ట్యాంకులో, లేదంటే వాసన చచ్చిపోయిన పాత పెద్ద పీపాలో చేస్తారు. అందుకే ఏ ఊళ్లో పండింది, ఎండ ఎంత తగిలింది, ఎప్పుడు కోశారు అనే తేడాలు గ్లాసులో దాక్కోవు. ఒకే ద్రాక్షని నాలుగు ప్రాంతాల నుంచి తెచ్చుకుని పక్కపక్కన పోసుకుంటే వైన్ గురించి తెలిసేంత, పుస్తకం చదివితే తెలియదు.

మా అమ్మ వాళ్లది మార్కాపురం, పలకల ఊరు. కాబట్టి జర్మనీలో రీస్లింగ్ పండే మోసెల్ నది లోయలో ద్రాక్షతోట ఎక్కినప్పుడు కాళ్ల కింద టకటకమంటూ జారిపోయే ఆ నల్ల రాళ్లు చూసి నవ్వొచ్చింది. మట్టి అన్నదే కనపడదు, అంతా పలకరాయి పెంకులే, దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటివి. ఒక ముక్క తీసి ఇంకోదాని మీద గీస్తే తెల్లగా గీత పడింది, అచ్చం మనం అఆలు దిద్దిన పలకే. ఆ కొండలు ఎంత నిటారుగా ఉంటాయంటే బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్ తోట కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలుంటుందని చెప్తారు, ట్రాక్టర్ ఎక్కదు, కొండ మీదికి పళ్ల పట్టాతో పాకే చిన్న మోనోరైలు బండి వేసుకున్నారు, కోత మాత్రం చేత్తోనే. ఇంత కష్టం ఎందుకంటే ఎండ కోసం. ఇది 50వ అక్షాంశం, ద్రాక్ష పండటానికి ఇంచుమించు ఉత్తరపు అంచు అని చాలాకాలం అనుకున్న చోటు. దక్షిణం వైపు వాలిన కొండకి ఎండ సూటిగా తగులుతుంది, కింద నది నుంచి కూడా కాస్త వెలుతురు తిరిగొస్తుంది, నల్లరాయి పగలంతా వేడి పట్టి ఉంచుతుంది. సాయంత్రం చలేసి జాకెట్ వేసుకున్నాక కూడా ఆ రాళ్ల మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉన్నాయి.

ఇక్కడో మాట చెప్పాలి. ఈ వైన్‌లో పలకరాయి రుచి తెలుస్తుంది అని అమ్మేవాళ్లు తెగ చెప్తారు. రాయి రుచి వేళ్లలోంచి పైకి పాకి సీసాలోకి రాదు, భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. రాయి చేసే పని వేడి పట్టడం, నీళ్లు నిలవకుండా దింపేయడం. అదే చాలా పెద్ద పని.

మోసెల్ ఒడ్డున ఓ చిన్న ఊళ్లో ఒక కుటుంబం వాళ్ల ఇంటి ముందు గదిలో రుచి చూపిస్తారు, కిటికీ అంచున ఆ పలకరాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఇంటావిడ నాకు ఒకే తోటది, ఒకే ఏడాదిది రెండు గ్లాసుల్లో పోసింది. మొదటిది ట్రోకెన్, అంటే తీపి తెలియనిది, 12 శాతం. నిమ్మతొక్క, పుల్లటి ఆకుపచ్చ ఆపిల్, చివర్లో కాస్త ఉప్పగా. బాగుంది, కానీ దవడలు లాగేసింది. రెండోది కబినెట్ (ఆ పేరు సంగతి కింద చెప్తాను), 8 శాతం. తీపి ముందు తగిలింది, అది నాలుక మీద కుదురుకునేలోపే పులుపు వచ్చి తుడిచేసింది, మింగాక నోరు శుభ్రంగా ఉంది. లీటరుకి నలభై గ్రాముల దాకా చక్కెర ఉందని ఆవిడ చెప్తే నమ్మబుద్ధి కాలేదు. ఆ చక్కెరని పులుపు కాకపోతే ఇంకేం మోస్తుంది.

షాపులో జర్మన్ సీసా మీది అక్షరాలు చూసి భయపడేవాళ్లకి నేను చెప్పే ఉపాయం ఒకటే, ఆల్కహాల్ శాతం చూడండి. ఈస్ట్ చక్కెర తింటేనే ఆల్కహాల్ వస్తుంది. మోసెల్ రీస్లింగ్ మీద 7.5 నుంచి 9 మధ్య ఉంటే, చల్లబరిచి ఈస్ట్‌ని మధ్యలో ఆపేశారు, తీపి మిగిలిందని అర్థం. 12 దాటితే తీపి ఇంచుమించు అయిపోయినట్టే. కబినెట్, ష్పేట్‌లేజే, ఔస్‌లేజే అన్నవి 1971 చట్టం ప్రకారం కోత రోజున ద్రాక్షరసంలో ఎంత చక్కెర ఉందో చెప్పే మెట్లు, సీసాలో తీపి ఎంతో చెప్పవు, అందుకే ష్పేట్‌లేజే ట్రోకెన్ అని రెండూ ఒకే లేబుల్ మీద కనపడి జనం బుర్ర గోక్కుంటారు. ఫైన్‌హెర్బ్ అని ఉంటే కాస్త తీపి ఉంటుంది, ఎంతో ఆ ఇంటివాళ్ల ఇష్టం.

మా మావయ్య గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఆయనకి ఇదే కబినెట్ పోశాను. రంగు చూశారు, వాసన చూడమంటే చూశారు, ఓ గుక్క తాగి, "బాగానే ఉంది అల్లుడూ, ఇందులోకి సోడా లేదా?" అన్నారు. మా ఆవిడ ముఖం దాచుకుంది. నిజానికి ఆయన అడిగిందాంట్లో వింతేం లేదు. ఇక్కడికి దక్షిణాన ఫాల్ట్స్ ప్రాంతంలో రీస్లింగ్‌లో సోడా కలిపి తాగడం వాళ్ల సొంత అలవాటు, షోర్లె అంటారు. చేయి జారకుండా గుండ్రటి గుంతలున్న అర లీటరు గ్లాసులో పోస్తారు, దాన్ని బల్ల చుట్టూ ఒకరి తర్వాత ఒకరు తాగుతారు కూడా. మర్నాడు మావయ్యని అక్కడికే తీసుకెళ్లాను. ఆయనకి మోసెల్ కన్నా ఫాల్ట్స్ నచ్చింది. ఎండ ఎక్కువ ప్రాంతం, అక్కడి వైన్‌లో పులుపు కొంచెం మెత్తగా ఉంటుంది, కాబట్టి ఆయన ఓటుకీ కారణం ఉంది.

ఫాల్ట్స్ నుంచి ఇంకా దక్షిణంగా, సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అల్సాస్‌లోకి వెళ్తే అదే ద్రాక్ష వేరే మనిషి. వోజ్ కొండలు పడమటి వానల్ని అడ్డుకుంటాయి, కోల్మార్ ఫ్రాన్స్‌లోకెల్లా వాన తక్కువ పడే ఊళ్లలో ఒకటి. ద్రాక్ష బాగా పండుతుంది, చక్కెర అంతా ఆల్కహాల్ అయిపోయేదాకా వదిలేస్తారు, 12.5, 13 శాతం, నోట్లో బరువుగా ఉంటుంది. చేపల వేపుడుకి, మిరియాల రొయ్యలకి అద్భుతం. చేపల పులుసు దగ్గర మాత్రం నేను పెట్టను, ఆ ఆల్కహాల్ కారాన్ని లేపుతుంది.

అడిలైడ్‌లో ఉండే మా అన్నయ్య, పెద్దమ్మ కొడుకు, వస్తూ వస్తూ క్లేర్ వ్యాలీ రీస్లింగ్ తెచ్చాడు. కొన్నేళ్లు పాతది. మూత తిప్పగానే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏమండీ, కిరసనాయిలు వాసన వస్తోంది, పాడైపోయిందేమో" అంది. పాడవలేదు. ద్రాక్షకి ఎండ బాగా తగిలితే ఆ వాసనకి మూలమైన పదార్థాలు అందులో ఎక్కువ తయారవుతాయి, వాటి నుంచి సీసాలో ఏళ్ల తరబడి నెమ్మదిగా పుట్టే వాసన అది. మోసెల్ పాత సీసాల్లోనూ వస్తుంది, కానీ ఆస్ట్రేలియా ఎండకి తొందరగా, గట్టిగా వస్తుంది. కొందరు దానికోసమే కొంటారు, నాకు కొద్దిగా ఉంటే ఇష్టం, దీపం బుడ్డి విప్పినట్టుంటే వద్దు. ఆ వాసన వెనకాల కత్తిలాంటి నిమ్మ పులుపు, తీపి అసలు లేదు. ఆశ్చర్యం ఏంటంటే క్లేర్‌లో పోలిష్ హిల్ వైపు కింద ఉన్నదీ పలకరాయే! అదే ద్రాక్ష, అదే జాతి రాయి, ఎండ మారింది, గ్లాసులో పోలికే లేదు. అందుకే పలకరాయి రుచి అనేవాళ్లతో నాకు పేచీ. అన్నట్టు ఆ తిప్పే మూత సంగతి, 2000 సంవత్సరపు పంట నుంచి క్లేర్ వాళ్లు చాలామంది కలిసికట్టుగా బిరడాలు మానేసి దానికి మారారు. చవక సరుక్కే తిప్పే మూత అనే మాట ఇంకా మన వాళ్లలో వింటూంటాను.

న్యూజెర్సీలో ఉన్నవాళ్లు ఇంత దూరం రానక్కర్లేదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఫింగర్ లేక్స్ అనే సరస్సుల ప్రాంతానికి కారేసుకుని వెళ్లొచ్చు. న్యూయార్క్ చలికి యూరప్ ద్రాక్ష బతకదని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఉక్రెయిన్ నుంచి వచ్చిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్ బతుకుతుందని పట్టుబట్టి 1962లో సొంత వైనరీ పెట్టాడు. ఆ సరస్సులు చాలా లోతు, చలికాలంలోనూ వేడి వదులుతూ ఒడ్డున తోటల్ని కాస్తాయి. అక్కడ సెమీ డ్రై, అంటే కాస్త తీపి మిగిలినవి, అని రాసినవి అడగండి.

హైదరాబాద్‌లో మంచి రీస్లింగ్ కోసం తిరిగి విసిగిపోయేకన్నా నాసిక్ షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ తీసుకోండి, సూలా కంపెనీ వాళ్లది కాస్త తీపి మిగిల్చి చేసిందే. రీస్లింగ్ అంత పదును ఉండదు గానీ ఎర్ర వైన్ కన్నా వెయ్యి రెట్లు నయం. నాసిక్‌లో వానలు తప్పించుకోవడానికి కొమ్మలు కత్తిరించే కాలాన్ని సర్దుకుని జనవరి నుంచి మార్చి లోపల కోస్తారు, యూరప్‌లో తోటలు మోడుగా ఉండే సమయంలో. ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాకే తీయండి, మన ఎండకి గ్లాసులో అయిదు నిమిషాల్లో వేడెక్కుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా పోసుకోండి.

ఇక గోంగూర మాంసం. కూర అంత పుల్లగా ఉన్నప్పుడు పులుపు తక్కువ వైన్ నీళ్లలా చప్పబడిపోతుంది, మోసెల్ కబినెట్ మాత్రం గోంగూరతో సమానంగా నిలబడి, ఎండుమిరప మంటని తీపితో కిందికి దించి, తర్వాతి ముద్దకి చోటిస్తుంది. కోడి వేపుడు, చింతపండు పులిహోర, మసాలా వంకాయ, అన్నిటితోనూ తాగాను, అన్నిటితోనూ కుదిరింది. కుదరనిది కొత్త ఆవకాయ ఒక్కటే. ఆ ఆవపిండి ఘాటు, ఉప్పు, నూనె ముందు ఏ దేశపు వైనూ ఆగదు, ఆ రోజు సీసా తెరవకండి, మజ్జిగ తాగండి.