బ్వానా అంటే దొర

పోయిన డిసెంబరులో మా బాపు జనగామ నుంచి నైరోబీకి వచ్చి రెండు నెలలు మా దగ్గరే ఉన్నాడు. ఆయనకు 76 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులతో ఎక్కువ తిరగలేడు. సాయంత్రమైతే తొమ్మిదేళ్ళ మా చిన్నోడిని పక్కన కూర్చోబెట్టుకుని యూట్యూబ్‌లో పాత అడవి సినిమాలు పెట్టించుకునేవాడు. హన్మకొండలో చదువుకునే రోజుల్లో నేల టికెట్టు కొని చూసినవట. ఇంగ్లిష్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా సింహం కనబడితే చాలు, ఈలలు వేసేవాళ్ళమని చెప్పేవాడు. తాతా మనవడూ ఒకే సోఫాలో కూర్చుని నవ్వుకుంటుంటే నాకు కడుపు నిండినట్టుండేది. మా వాడి తెలుగు అంతంతమాత్రం, బాపుకు ఇంగ్లిష్ రాదు. ఆ సినిమాలకు రెండూ అక్కర్లేదు.

టార్జాన్ వేషం మానేశాక హాలీవుడ్ నటుడు జానీ వైస్‌ముల్లర్ 1948 నుంచి 1955 దాకా జంగిల్ జిమ్ వరుసలో 16 సినిమాలు చేశాడు. టార్జాన్‌కు పెంపుడు కొడుకుగా వేసిన జానీ షెఫీల్డ్ పెద్దవాడయ్యాక, దాదాపు అవే ఏళ్ళలో బోంబా పేరుతో 12 చేశాడు. అన్నీ తక్కువ ఖర్చులో చుట్టేసినవి, గంట, గంటంబావులో అయిపోయేవి. జంగిల్ జిమ్ నిర్మాత శామ్ కాట్జ్‌మన్‌ను జంగిల్ శామ్ అనే పిలిచేవారు. కథ జరిగేది ఆఫ్రికాలో, షూటింగ్ లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల. నేను వంటింట్లో నుంచి ఓ కన్నేసి, ఇందులో తప్పేముందిలే అనుకున్నాను.

ఒక శనివారం బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కిందికి చూశాను. పార్కింగ్‌లో మా వాడు టోపీ పెట్టుకుని, చీపురుకర్రను తుపాకీలా భుజాన వేసుకుని ముందు నడుస్తున్నాడు. పై అంతస్తులో ఉండే వాడి స్నేహితుడు రెండు స్కూల్ బ్యాగులు నెత్తిన పెట్టుకుని వెనక నడుస్తున్నాడు. మా వాడు చెయ్యి ఎత్తి, "బ్వానా ఆగమంటున్నాడు!" అని అరిచాడు. ఆ పిల్లాడు నవ్వుతూనే ఆగాడు. వాళ్ళిద్దరికీ అది ఉత్త ఆట. కానీ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆ అబ్బాయి నానమ్మ కూర్చుని ఉంది. ఇక్కడి పిల్లలు నానమ్మను షోషో అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. ఆవిడ ఏమీ అనలేదు. చూస్తూ ఉంది, అంతే. నాకు తల కొట్టేసినట్టయింది.

నేను కేకేసేలోపే నా వెనక నుంచి బాపు కూడా చూశాడు. ఆ రాత్రి అన్నం దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా నాయిన గట్లనే మోసేటోడు బిడ్డా, దొర సామాన్లు. పైసా ఇయ్యకపోయేది," అన్నాడు.

వెట్టి గురించి నేను పుస్తకాల్లో చదివాను, ఊళ్ళో పెద్దవాళ్ళ నోట కొంత విన్నాను. మా తాత సంగతి మాత్రం బాపు అంతవరకు నాకెప్పుడూ చెప్పలేదు. దొర కచ్చడం బండి ముందు పరుగెత్తడం, గడీలో పని ఉందంటే తన పొలం పని వదిలేసి పోవడం, దొర ఎదురైతే చెప్పులు విప్పి చేతబట్టుకోవడం, అన్నీ ఆ రాత్రి ఒక్కొక్కటే చెప్పాడు. జనగామకు దగ్గర్లోనే కడవెండి. 1946 జులై 4న అక్కడే దొడ్డి కొమరయ్య తూటా తగిలి చనిపోయాడు, తెలంగాణ సాయుధ పోరాటం రగిలింది అక్కడి నుంచే. మా తాత దొర మూటలు మోసిన ఆ ఏళ్ళకు కాస్త అటూ ఇటూగానే, కాలిఫోర్నియాలో ఈ సినిమాలు తీస్తున్నారు. అందులోనూ తెల్లదొర ముందు నడుస్తాడు, మూటలు నెత్తిన పెట్టుకున్న వరుస వెనక నడుస్తుంది.

మా వాడు అడిగాడు, "తాతా, మరి దొర అంటే ఏంటి?"

"బ్వానా," అన్నాడు బాపు. ఆ ఒక్క మాట చాలింది. నేను గంటసేపు చెప్పినా వాడికి అంతగా ఎక్కేది కాదు.

అయినా సినిమాలు ఆపేయలేదు. ఆపేస్తే తాతామనవళ్ళకు దొరికిన ఒక్క సంగతీ పోతుంది. నేనూ పక్కన కూర్చున్నాను, పద్నాలుగేళ్ళ మా పెద్దదాన్నీ కూర్చోబెట్టాను, పై అంతస్తు అబ్బాయిని వాళ్ళమ్మను అడిగి పిలిపించాను. ఏ బొమ్మ ఎక్కడి నుంచి తెచ్చి అతికించారో కనిపెట్టడం మా ఆట. ఖర్చు తగ్గించుకోవడానికి పాత రీళ్ళు వాడేవాళ్ళు. బోంబా సినిమాల్లో 1930 నాటి ఒక డాక్యుమెంటరీ ముక్కలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. పెద్ద కంపెనీలూ తక్కువేం తినలేదు. 1950లో విడుదలైన ఒక సినిమా కోసం కెన్యా, ఉగాండా వరకు వచ్చిన ఎమ్‌జీఎమ్, మిగిలిన ఫిల్మును దాచుకుని 1959లో దాంతో ఇంకో సినిమా అల్లేసింది. ఆ సంగతి చెప్పాక పిల్లల కళ్ళు నిశితమైపోయాయి. హీరో చూసే వైపు ఒక వెలుగు, జింకలు పరుగెత్తే వైపు ఇంకో వెలుగు, వెంటనే పట్టేసేవారు.

ఏనుగులు వచ్చినప్పుడు మా వాడు సోఫా మీద నుంచి లేచాడు. "అమ్మా, ఇది ఇక్కడి ఏనుగు కాదు, తిరుపతి ఏనుగు!" నిజమే. 1930ల్లో ఎమ్‌జీఎమ్ తీసిన టార్జాన్ సినిమాల్లో మన ఏనుగులకే పెద్ద చెవులు తగిలించి ఆఫ్రికా ఏనుగులుగా చూపించారు. నుదుటి మీది రెండు బుడిపెలను మాత్రం దాచలేకపోయారు. నైరోబీలో అనాథ ఏనుగుపిల్లలకు పాలు పట్టడం చూసినవాడు, తిరుమలలో గుడి ఏనుగును చూసినవాడు కాబట్టి వాడికి చటుక్కున తెలిసింది. రెండు చోట్లా కాలు పెట్టి పెరగడం వల్ల పిల్లలకు ఏం దక్కుతుందని ఎవరైనా అడిగితే నేను ఈ మాటే చెబుతాను.

పెద్దది ఏనుగులతో సరిపెట్టుకోలేదు. "ఈ సినిమాల్లో మనం ఎవరం?" అని అడిగింది. నా దగ్గర వెంటనే జవాబు లేదు.

జవాబు కోసం ఇంకో సినిమా దగ్గరికి వెళ్ళాం. పేరు బ్వానా డెవిల్. రంగుల్లో వచ్చిన మొదటి పూర్తి నిడివి అమెరికన్ త్రీడీ చిత్రం అదే, 1952 నవంబరు 26న లాస్ ఏంజెలెస్‌లో విడుదలైంది. హాలు నిండా జనం అట్టకళ్ళజోళ్ళు పెట్టుకుని కూర్చున్న ఫొటో ఒకటి చాలా ప్రసిద్ధం, అది ఆ రోజుదే. సావో సింహాల కథను ఆఫ్రికా ప్రయాణంలో విన్న దర్శకుడు ఆర్చ్ ఓబొలర్, దాన్ని తక్కువ ఖర్చులో కాలిఫోర్నియాలో తీశాడు. ఆ కథ నిజంగా జరిగింది మాత్రం మా ఇంటి నుంచి మొంబాసా వెళ్ళే దారిలో. 1898లో సావో నది మీద రైలు వంతెన కడుతుంటే రెండు సింహాలు నెలల తరబడి పనివాళ్ళను ఎత్తుకుపోయాయి. వంతెన పని చూసిన జాన్ హెన్రీ ప్యాటర్సన్ చివరికి డిసెంబరులో వాటిని చంపాడు. పోస్టర్లకు ఎక్కేది తుపాకీ పట్టిన దొర, నోరు తెరిచిన సింహం.

పనివాళ్ళు ఎవరు? మనవాళ్ళే. ఆ రైలుమార్గం కోసం హిందుస్థాన్ నుంచి సుమారు 32,000 మందిని తెచ్చారు, దాదాపు 2,500 మంది చనిపోయారు. ఎక్కువమంది పంజాబు వైపు వాళ్ళు. తెలుగువాళ్ళు ఆఫ్రికాకు ముందే వచ్చారు కానీ ఇటు కాదు, దక్షిణాన నాటాల్ చెరకు తోటలకు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరడంతో ఆ వలస మొదలైంది. అది వేరే పెద్ద కథ.

ప్యాటర్సన్ తన పుస్తకంలో, సింహాలు 28 మంది భారతీయ కూలీలను తిన్నాయని రాశాడు. ఆఫ్రికావాళ్ళు కూడా చాలామంది పోయారు, వాళ్ళకు లెక్కే రాసి పెట్టలేదంటాడు. ఇది చదివి వినిపించినప్పుడు మా పెద్దది పై అంతస్తు అబ్బాయి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. అది అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మనం లెక్కలోకి వచ్చినవాళ్ళం, పేరు మాత్రం రానివాళ్ళం. కెన్యాలో ఆ తర్వాత అరవై ఏళ్ళూ మనవాళ్ళు నిలబడింది ఆ మధ్య మెట్టు మీదే. తెల్లవాళ్ళకు కేటాయించిన ఎత్తు భూములు మనకు అమ్మేవారు కాదు. అయినా ఆఫ్రికావాళ్ళకంటే ఒక మెట్టు పైనే ఉంచేవారు. ఈ మెట్టు సంగతి పిల్లలకు చెప్పకుండా, గాంధీగారు ఆఫ్రికాలో ఉన్నారని మాత్రం చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే.

ప్యాటర్సన్ పుస్తకంలోనే ఇంకోటి ఉంది, పిల్లలు ఎగిరి గంతేసింది దానికే. 1898 డిసెంబరు 1న వందలమంది కూలీలు పట్టాల మీద పడుకుని, వస్తున్న రైలును ఆపేశారు. తట్టాబుట్టా ట్రక్కుల్లోకి విసిరేసి ఎక్కి, తీరానికి వెళ్ళిపోయారు. మూడు వారాలు వంతెన పని ఆగిపోయింది. తుపాకీ లేకుండా ఇంత సాహసం! పిల్లలతో కలిసి నైరోబీ రైల్వే మ్యూజియానికి కూడా వెళ్ళాం. 1900లో కీమా స్టేషన్‌లో ఒక పోలీసు అధికారిని సింహం ఈడ్చుకుపోయిన రైలుపెట్టె అక్కడుంది. మా వాడు కిటికీని చేత్తో కొలిచి చూశాడు.

షోషో దగ్గరికి నేను ఒక్కదాన్నే వెళ్ళాను, క్షమించమని అడగడానికి. ఆవిడ చాయ్ పోసింది. బ్వానా చెడ్డ మాట కాదమ్మా, చర్చిలో దేవుణ్ణీ అలాగే పిలుస్తాం, స్నేహితులం కూడా ఒకరినొకరు అలాగే పిలుచుకుంటాం, అంది. ఆ తర్వాత తన చిన్నతనం చెప్పింది. 1952 అక్టోబరు 20న బ్రిటిష్ ప్రభుత్వం తిరుగుబాటును అణచడానికి ఇక్కడ ఎమర్జెన్సీ పెట్టింది. బ్వానా డెవిల్ విడుదలైంది ఆ తర్వాత ఐదు వారాలకే. 1954, 55లలో పది లక్షల మందికి పైగా కికుయు తెగవాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించి కంచెలు వేసిన ఊళ్ళలో పెట్టారు. షోషో ఆరేడేళ్ళ పిల్ల అప్పుడు. కందకం తవ్వడానికి తల్లి రోజూ పోయేదట, కూలి లేదు. నేను వెట్టి అనే మాట చెప్పాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసింది.

ఇంటికొచ్చాక నన్ను తొలిచింది మాత్రం సినిమా కాదు. మా వాడు ఆ చెయ్యి ఎత్తి ఆపడం సినిమాలోనే నేర్చాడా? మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడను పిల్లలు ఆంటీ అంటారు, అది ఇక్కడి అలవాటు. కానీ కారు దిగగానే మార్కెట్ సంచులన్నీ ఆవిడకే ఇచ్చి ఖాళీ చేతులతో ముందు నడిచేది నేనే. మా వాడు నా వెనకే వచ్చేవాడు, ఇన్నేళ్ళూ. ఇప్పుడు ఎవరి సంచి వాళ్ళం మోసుకుంటున్నాం. ఆంటీకి మొదట్లో భయం వేసింది, పనిలోంచి తీసేస్తున్నానేమో అని. నచ్చజెప్పడానికి వారం పట్టింది.

బాపు తిరిగి వెళ్ళే ముందు ఆదివారం పార్కింగ్‌లో మళ్ళీ ఆట. ఈసారి సుద్దముక్కతో నేల మీద పట్టాలు గీశారు. పెద్దది రైలింజను. చిన్నోడూ, పై అంతస్తు అబ్బాయీ, ఇంకో నలుగురూ పట్టాలకు అడ్డంగా పడుకున్నారు. బ్వానా వేషం ఎవరూ తీసుకోకపోయేసరికి మా వాడు పరుగెత్తుకొచ్చి తాతను అడిగాడు.

"దొర వేషం నాకొద్దు," అన్నాడు బాపు. కర్ర నా చేతికిచ్చి, నా భుజం పట్టుకుని మెల్లగా వంగాడు. "నేను గూడ పండుకుంట. గని లేవలేను, మీరే లేపాలె."