కారు ఆగాక పావుగంట

మా ఇంటి ముందున్న కెమెరా రోజూ సాయంత్రం నాలుగూ ఇరవై ప్రాంతంలో నా ఫోన్‌కి ఒక కబురు పంపేది, కారు వచ్చి ఆగిందని. అది మా అమ్మాయి. పదకొండో తరగతి. గుమ్మం దగ్గర ఎవరో ఉన్నారనే రెండో కబురు మాత్రం ఇంకో పావుగంటకో ఇరవై నిమిషాలకో గానీ వచ్చేది కాదు. కారు ఆగే చోటుకీ గుమ్మానికీ మధ్య ఉన్నది పట్టుమని పది అడుగులు. ఆ పది అడుగులు నడవడానికి అంతసేపు ఎందుకో నాకు అర్థం కాలేదు.

మొదట్లో పట్టించుకోలేదు. తర్వాత ఆఫీసులో కూర్చుని రోజూ లెక్కపెట్టడం మొదలైంది. మా ఆవిడకి చెప్తే ఆవిడకి రెండు అనుమానాలు వచ్చాయి. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ ఉండాలి, లేదంటే ఒక్కతే కూర్చుని ఏడుస్తూ ఉండాలి. రెండో మాట అన్నాక ఆ రాత్రి ఆవిడ సరిగ్గా నిద్రపోలేదు. నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. రోజుకి ఇరవై నిమిషాలంటే వారానికి గంటా నలభై. అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్ష, ఇప్పటి డిజిటల్‌ది, మొత్తం రెండు గంటల పద్నాలుగు నిమిషాలే కదా, కారులో కూర్చునే టైముతో వారానికి దాదాపు ఒక ప్రాక్టీస్ టెస్ట్ అయిపోతుందే అనుకున్నాను.

మేముండేది కాలిఫోర్నియాలో. హైస్కూళ్లు పొద్దున 8:30 కంటే ముందు మొదలవకూడదని ఇక్కడ 2019లో చట్టం చేశారు. 2022 జులై నుంచి అమలవుతోంది. ఎదిగే వయసులో రాత్రి నిద్ర వచ్చే వేళ వెనక్కి జరుగుతుంది. పదకొండయినా నిద్ర పట్టదు, తెల్లవారి లేపితే లేవలేరు. మనం దానికి బద్ధకమని పేరు పెట్టాం. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే బళ్లు ఎనిమిదిన్నరకి ముందు పెట్టొద్దని చెప్పింది. ఇవన్నీ నేను శ్రద్ధగా చదివాను. ఆఫీసులో నలుగురికి వివరించాను కూడా. వివరించి, ఆ ఆగస్టులో మా అమ్మాయిని జీరో పీరియడ్‌లో చేర్పించాను.

జీరో పీరియడ్ అంటే అసలు బడి మొదలవకముందే పెట్టే క్లాసు. కొద్దిమంది కోసం అలా పెట్టుకోవడానికి ఆ చట్టమే వెసులుబాటు ఇచ్చింది. పొద్దున్నే ఒక క్లాసు అవగొట్టేస్తే పగలు ఇంకో ఏపీకి చోటు దొరుకుతుంది. అంటే ప్రభుత్వం మా పిల్లకి ఇచ్చిన గంట నిద్రని మేమే తీసుకెళ్లి భద్రంగా వెనక్కి ఇచ్చేశాం.

ఏపీ అంటే మా అమ్మకి ఇప్పటికీ ఆంధ్రప్రదేశే. "ఈ ఏడాది నాలుగు ఏపీలు తీసుకుందమ్మా" అంటే ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. బళ్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్తారనీ, మే నెలలో దేశమంతా ఒకే పరీక్ష పెడతారనీ, 1 నుంచి 5 దాకా మార్కు ఇస్తారనీ చెప్పాను. "అయితే క్లాసులో ఎన్నో ర్యాంకు?" అంది. వీళ్ల బళ్లో ర్యాంకులు ఇవ్వరన్నాను. "మరి బాగా చదువుతోందని మీకెలా తెలుస్తుంది?" అంది. నా దగ్గర సమాధానం లేక కాదు, అది చాలా పెద్దది.

ఇక్కడ ర్యాంకు లేదుగానీ అన్నిటికీ లెక్క ఉంది. కాలేజీలకి పంపే కామన్ యాప్ దరఖాస్తులో బడి బయట ఏమేం చేశావని అడుగుతూ పది గళ్లు ఉంటాయి. ఒక్కో పని గురించి 150 అక్షరాలకి మించి రాయకూడదు. వ్యాసానికి 650 పదాలు. మా ఇంట్లో తొమ్మిదో తరగతి నుంచీ ఆ పది గళ్ల చుట్టూనే బతుకుతున్నాం. బొమ్మలు వేస్తుందా, అయితే పోటీకి పంపుదాం. ఎదురింటి పాపకి లెక్కలు చెప్తోందా, అయితే గంటలు రాసిపెట్టుకో. ఆ పిల్ల సరదాగా మొదలుపెట్టిన ఏ పనినైనా మేం పట్టుకెళ్లి ఒక గడిలో కూర్చోబెట్టాం. నోటు పుస్తకం అంచుల్లో పిల్లుల బొమ్మలు వేయడం మానేసింది ఎప్పుడో గుర్తు చేసుకుంటే, పోటీకి పంపుదామన్నప్పటి నుంచే.

ఒక శుక్రవారం ఇంటి నుంచి పని చేస్తూ చెత్త డబ్బా లోపలికి తేవడానికి బయటికి వెళ్లాను. కారు ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. సీటు వెనక్కి వాల్చుకుని, బూట్లు విప్పి, ఫోన్ స్టీరింగుకి ఆనించి ఏదో చూస్తోంది. ఏడవడం లేదు. ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఫోన్లో ఎవరో తుప్పు పట్టిన పాత తాళాన్ని విప్పి, ఒక్కో ముక్కా రుద్ది, మళ్లీ బిగిస్తున్నారు. మాటల్లేవు, రుద్దే చప్పుడు తప్ప.

నన్ను చూసి ఉలిక్కిపడింది. గబగబా బూట్లలో కాళ్లు దూరుస్తూ "వస్తున్నా నాన్నా, వచ్చేస్తున్నా" అంది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"ఏం లేదు. ఖాళీగా కూర్చున్నా."

అంటున్నప్పుడు ఆ మొహం చూడాలి, దొంగతనం ఒప్పుకున్నట్టు ఉంది. తనకి వచ్చిన కాస్త తెలుగులో ఆ మాట ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. మా దగ్గరే. మన ఇళ్లలో ఖాళీ అనేది ఒక తిట్టు. ఖాళీగా కూర్చుంటే ఎలా, ఖాళీగా ఉన్నావుగా ఆ పని చూడు, ఖాళీగా తిరుగుతున్నాడు. తీరిక అనే మంచి మాట ఒకటి ఉందిగానీ అది పెద్దవాళ్లకి, అదీ దొరకనప్పుడు చెప్పుకోవడానికి.

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. పోయినేడాది ఆదివారం తెలుగు క్లాసు మానేస్తానంటే నేను రెండు రోజులు అలిగాను. "ఇంటర్లో నీకు తెలుగులో ఎన్ని మార్కులు నాన్నా?" అని అడిగింది. నేను ఇంటర్లో తెలుగు తీసుకోలేదు. మార్కులు బాగా వస్తాయని అందరిలాగే సంస్కృతం తీసుకున్నాను. ఆ తర్వాత ఆ విషయం మీద మా ఇంట్లో చర్చ జరగలేదు.

కారు గురించి అసలు సంగతి రెండు వారాల తర్వాత తనే చెప్పింది, నేను పక్క సీట్లో కూర్చుని తను నడుపుతున్నప్పుడు. ఎదురెదురుగా కూర్చోనప్పుడే పిల్లలు నోరు విప్పుతారు. ఇక్కడ పదహారేళ్లకి లైసెన్స్ వచ్చినా, మొదటి ఏడాదంతా పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇరవై ఏళ్ల లోపు వాళ్లని ఎక్కించుకోకూడదు. కాబట్టి స్నేహితులు ఉండరు. రోజంతా చుట్టూ మనుషులు ఉంటారు, ఈ దారిలో మాత్రం ఎవరూ ఉండరు. "లోపలికి వస్తే అమ్మ టెస్ట్ ఎలా రాశావంటుంది. నువ్వైతే అడగవు. నీకు ముందే తెలుసు. అది ఇంకా టెన్షన్" అంది.

అది నిజం. బడి వాళ్ల పోర్టల్ ఒకటి నా ఫోన్లో ఉంది. టీచర్ మార్కు ఎక్కించగానే టింగుమంటుంది. ఆ మార్కు తను చూసుకోకముందే నేను చూసిన రోజులు ఎన్నో. చూసి, మా ఆవిడకి పంపి, పిల్ల ఇల్లు చేరేలోపు ఏం అనాలో ఇద్దరం మెసేజీల్లో మాట్లాడుకున్న రోజులూ ఉన్నాయి. నేను చదువుకునేటప్పుడు యూనిట్ టెస్ట్ మార్కులు పోస్టులో ఇంటికి చేరడానికి వారం పట్టేది. ఆ వారం నాది. తక్కువ వచ్చినవాడు ఆ వారంలో సినిమాకి వెళ్లేవాడు, వణికేవాడు, అబద్ధం తయారు చేసుకునేవాడు. మొత్తానికి తన మార్కు ముందు తనకి తెలిసేది.

నేను రెండేళ్లు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాను, ఎంపీసీ. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రి దాకా రకరకాల పేర్లతో నడిచేది. అక్కడ ఖాళీ అన్నదే లేదని ఇన్నాళ్లూ మా అమ్మాయికి కథలు చెప్పాను. అబద్ధం. బట్టలు ఉతుక్కునేవాణ్ణి. నల్లాల దగ్గర బట్టలు ఉతుకుతున్నవాణ్ణి వార్డెన్ కూడా ఏమనడు. అది కనిపెట్టాక నేను ఉతికిన చొక్కానే మళ్లీ తడిపి ఉతికేవాణ్ణి. నురగ మీద నీళ్లు పోస్తూ, అది కాలువ వెంట వెళ్తుంటే చూస్తూ నిలబడేవాణ్ణి. సెలవులకి ఇంటికి వెళ్తే మా అమ్మ చొక్కా వెలుతురుకి పట్టి, ఇంత శుభ్రంగా ఉతకడం ఎప్పుడు నేర్చుకున్నావురా అని మురిసిపోయింది. ముప్ఫై ఏళ్లకి దగ్గరపడుతున్నా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకే గుర్తు లేదు, ఆ తాళం రుద్దే చప్పుడు వినేదాకా.

మే నెల వచ్చేస్తోంది. మొన్న ఎస్ఏటీ రాసి వచ్చి, రెండో భాగం చాలా కష్టంగా ఉందని నవ్వుతూ చెప్పింది. మొదటి భాగం బాగా రాస్తేనే రెండోది కష్టమైనది వస్తుందట, అందుకని సంతోషం. కష్టం ఎక్కువైతే సంబరపడటం నేర్పే పరీక్ష ఎవరు కనిపెట్టారోగానీ, మన పిల్లలకి అతికినట్టు సరిపోయింది. జీరో పీరియడ్ వచ్చే ఏడాదికి వద్దన్నాం. ఒక ఏపీ తగ్గుతుంది. మా ఆవిడా నేనూ దీని మీద మూడు రాత్రులు మాట్లాడుకున్నాం, ఇప్పటికీ ఇద్దరిలో ఎవరో ఒకరికి రోజు మార్చి రోజు భయం వేస్తుంది.

ఇంటి కెమెరాలో ఎంత మేరకు కదలిక పట్టాలో గీత గీసుకోవచ్చు. కారు ఆగే చోటు ఆ గీత బయటికి వెళ్లేలా జరిపాను. ఇప్పుడు ఒకటే కబురు వస్తుంది, గుమ్మం దగ్గరికి వచ్చాక. మా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న భోజనాల దాకా వాయిదా పడింది. అది ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

పోర్టల్ మాత్రం ఫోన్లోంచి తీసేయలేకపోయాను. టింగుమనకుండా ఆపగలిగాను, అంతే. నిన్న మధ్యాహ్నం మీటింగులో ఉండగా నా అంతట నేనే తెరిచి చూశాను. కెమిస్ట్రీలో 78. సాయంత్రం లోపలికి వచ్చి, బ్యాగు సోఫా మీద పడేసి, నీళ్లు తాగింది. నేను ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు. రాత్రి తొమ్మిదింటికి తనే చెప్పింది. "అవునా" అన్నాను.

నమ్మినట్టు లేదు.